తడి ఎవరి ఖాతాలో రాయాలి?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను వేస్తే నా గొంతు వినబడదు, ఆపితే మీకు ఉక్క. సరే, వెయ్యండి, నేనే గట్టిగా మాట్లాడతాను. ముప్పై మూడేళ్ళు క్లాసులో అరిచిన గొంతే ఇది.

నాకిచ్చిన విషయం పేరు పలకడానికే ఒక పీరియడ్ పట్టేలా ఉంది. సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్. దాన్ని బడిలో నేర్పడం ఎలా అని. తెలుగులో సామాజిక వ్యవస్థాపకత అని రాస్తున్నారు. ఒడియాలో ఉద్యమిత అంటారు. నిన్న రాత్రి నేను రెండు ముక్కలు రాసుకుంటుంటే మా ఆవిడ తొంగిచూసి, "ఉద్యమమా? ఈ వయసులో మీకు ధర్నాలెందుకండీ?" అంది. మన బతుకే అంత కదండీ. ఒకే మాట గుమ్మానికి ఇవతల ధర్నా, అవతల దుకాణం.

నేను దుకాణం గురించే మాట్లాడతాను. లెక్కల మాస్టారిని, నాకు వచ్చింది అదే. నిర్వచనాలు చెప్పను. నిర్వచనం చెప్పానంటే వచ్చే ఏడాది అది ఐదు మార్కుల ప్రశ్న అయి కూర్చుంటుంది. పిల్లలు బట్టీ పట్టేస్తారు. అక్కడితో దాని కథ ముగిసిపోతుంది.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. ఒక ఏడాది బయటినుంచి ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు వచ్చి, రెండు రోజులు మా పిల్లలకి కొవ్వొత్తులు చెయ్యడం నేర్పారు. రంగురంగుల కొవ్వొత్తులు. స్కూలు వార్షికోత్సవంలో బల్ల వేసి పెట్టాం. అన్నీ అమ్ముడుపోయాయి! ఎవరు కొన్నారు? మేమే, మాస్టార్లం. హెడ్మాస్టారు అరడజను కొన్నారు. ఫొటోలు తీశారు. రెండో నెల మళ్ళీ చేద్దామా అంటే ఎవరికి అమ్ముతాం? ఈ ఊళ్ళో కొవ్వొత్తి దొరక్క ఎవరు బాధపడుతున్నారు? జాలిపడి కొన్నవాడు రెండోసారి రాడండి. మా ఇంట్లో ఆ కొవ్వొత్తులు ఇప్పటికీ ఉన్నాయి, ఎండలకి వంగిపోయి. కరెంటు పోతే మేం ఫోను లైటు వేసుకుంటాం.

అందుకని మరుసటేడు ఒక నెల ఏ పనీ మొదలుపెట్టలేదు. వస్తువు వద్దు, పేరు వద్దు, బోర్డు వద్దు. తిరగండి, అడగండి, వినండి, వచ్చి పుస్తకంలో రాయండి అన్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు, పద్నాలుగు మంది. ఏటి రాయాలి మాస్టారూ అని ఒకటే గోల. ఎవరికి ఏది కష్టంగా ఉందో రాయండి, అందులో డబ్బు ఎక్కడ కారిపోతోందో రాయండి అన్నాను. అంతే. అదే సిలబస్సు.

వాళ్ళలో సవర తెగ అమ్మాయి ఒకతె ఉండేది. రెండు వారాలు నోరు విప్పలేదు. మూడో వారంలో, మా అమ్మ విస్తళ్ళు కుడుతుంది, మా ఊరు రండి అంది. ఆ అమ్మాయికి ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు. మూడూ వచ్చు. మా పిల్లలకి రెండే. ఆ రోజు నుంచి క్లాసులో ఎవరు లీడరో నేను చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్ల లేకపోతే ఆ తల్లులతో ఒక్క మాట నడవదు.

విస్తళ్ళు కుట్టే అడ్డాకు చూశారు కదా మీరంతా. ఆవు గిట్ట ముద్రలాగా చివర చీలి ఉంటుంది. ఒడియాలో సియాళి అంటారు, కుట్టిన విస్తరిని ఖలి అంటారు. ఎండిన ఆకు పెళుసు, పట్టుకుంటే విరుగుతుంది. అందుకని కుట్టేముందు నీళ్ళు చిలకరిస్తారు. మెత్తబడ్డాక ఆకు మీద ఆకు పెట్టి, సన్నటి వెదురు పుల్ల గుచ్చి, మిగిలిన పుల్ల విరిచేస్తారు. టిక్. మళ్ళీ గుచ్చడం, టిక్. ఆ తల్లి మాతో మాట్లాడుతూనే ఉంది, చేతివైపు ఒక్కసారి చూడలేదు. మా పిల్లలు ప్రయత్నించారు. ఒక విస్తరి కుట్టడానికి అరగంట పట్టింది, మధ్యలో కన్నం. కుట్టడం అయ్యాక విస్తరిని మళ్ళీ ఎండలో పెట్టాలి, నీళ్ళు చల్లాం కాబట్టి. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంక లెక్క. ఇది ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. వంద విస్తళ్ళకి ఆ తల్లి చేతికి వచ్చేది డెబ్భై రూపాయలు. మధ్యలో కొనే షావుకారు దగ్గర ఊళ్ళో హోటలువాళ్ళు అవే వంద కొనేది రెండు వందలకి. మా పిల్లలకి కోపం వచ్చింది. రావాలి కూడా. "షావుకారు దొంగ మాస్టారూ" అన్నాడు ఒకడు. సరే, దొంగ అని రాయి, కింద లెక్క వెయ్యి అన్నాను. లెక్క వెయ్యాలంటే ఆయన్నే అడగాలి కదా. వెళ్ళారు. ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆటో ఖర్చు చెప్పాడు, హోటలువాడు నెల తర్వాత గాని డబ్బివ్వడని చెప్పాడు. ఆఖర్న పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాడు: వానాకాలంలో వందకి పాతిక బూజుపట్టి పోతాయి, ఆ డబ్బు నాకెవరిస్తారు?

న్యాయమైన ప్రశ్నా కాదా? న్యాయమైనదే. మా పిల్లల దగ్గర జవాబు లేదు. వచ్చి నన్నడిగారు. నా దగ్గరా లేదు. అయితే బోర్డు మీద రాసుకుంటూ పోతే ఒకటి తేలింది. ఆయన పాడయ్యే పాతిక ముందే తీసేసుకుని, ధర తగ్గించి కొంటున్నాడు. వాన పడినా పడకపోయినా, ఎండాకాలమైనా అదే ధర. అంటే సరుకు పాడైనా పాడవకపోయినా, పాడైనట్టే లెక్కకట్టి ఆ తల్లుల ఖాతాలో రాసేస్తున్నాడు. ఆయన దొంగ కాదు. ఖాతా ఒకటి అటు పెట్టాడు, అంతే.

మా పిల్లలు వందకి నూట ఇరవై ఇస్తామన్నారు. హోటలుకి రెండు వందలకే అమ్ముతారు. రెండు నెలలు బాగానే నడిచింది. పిల్లల దగ్గర నూట యాభై రూపాయలు మిగిలింది కూడా. ఇంక చూడండి వాళ్ళ హుషారు! ఒకడు విజిటింగ్ కార్డులు వేయిద్దామన్నాడు.

అప్పుడు రథయాత్ర వచ్చింది. అన్నదానానికి ఐదు వందల విస్తళ్ళు ఆర్డరు. వెయ్యి రూపాయలు వస్తుంది. తల్లులకి ఆరు వందలు, ఆటోకి అరవై, మిగిలేది మూడు వందల నలభై. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. వారం ముందే సరుకు తెచ్చేశారు. తెచ్చి ఎక్కడ పెట్టారు? సైన్సు గదిలో, బీరువా వెనకాల, కిటికీ వేసేసి. ఎవరూ ఎత్తుకుపోకూడదని. ఆషాఢ మాసం, బయట ముసురు. కుట్టేటప్పుడు చల్లిన నీళ్ళు ఇంకా పూర్తిగా ఆరలేదు. మళ్ళీ వస్తానన్నాను కదా, ఇదిగో.

యాత్ర ముందురోజు కట్టలు విప్పితే తెల్లటి నూగు. తడి గోనెసంచి వాసన. ఒక్కొక్కటీ తుడిచి చూశారు. నూట ఇరవై పనికొచ్చాయి. మూడు వందల ఎనభై పోయాయి. ఆ రోజు ఆ క్లాసు నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. నా సర్వీసులో నేను అరవకుండా అంత నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు తల్లులకి ఆరు వందలు ఇవ్వాలా వద్దా? "పాడైపోయిన వాటికి డబ్బులెందుకివ్వాలి మాస్టారూ?" అని ఒకడు లేచాడు. తెలివైన పిల్లాడే, ఇప్పుడు కామర్సు చదువుతున్నాడు. వాడన్నది తప్పా? బజార్లో ఎవర్నడిగినా అదే చెబుతారు. నేను మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఏం చెప్పాలో నాకే తెలియలేదు. అప్పుడు ఆ సవర అమ్మాయి లేచింది. ఒడియాలో అంది, నేను తెలుగులో చెబుతున్నాను. "ఆకు వాళ్ళది. కుట్టు వాళ్ళది. తడి మనది."

కూర్చుంది. అంతే.

ఓటు పెట్టాం. ఇవ్వాలన్నవాళ్ళు తొమ్మిది మంది, వద్దన్నవాళ్ళు ఐదుగురు. ఇచ్చారు. మంచివి అమ్మితే రెండు వందల నలభై వచ్చింది. ఖర్చు ఆరు వందల అరవై. నష్టం నాలుగు వందల ఇరవై. దాచుకున్న నూట యాభై అందులో పోయింది. మిగతా రెండు వందల డెబ్భై నా దగ్గర అప్పు తీసుకున్నారు. వడ్డీ లేదు గాని కాగితం రాయించుకున్నాను, పద్నాలుగు సంతకాలతో. వద్దన్న ఐదుగురూ పెట్టారు. కార్తీక మాసానికి తీర్చేశారు. ఖాతా పుస్తకంలో ఆ నష్టానికి ఏం పేరు పెట్టారో తెలుసా? "తడి ఖర్చు". ఇక్కడ కామర్సు మాస్టార్లుంటే నవ్వకండి. నా దృష్టిలో ఈ విషయం మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది. లాభం ఎవరిదన్నది అందరూ అడుగుతారు. నష్టం ఎవరి ఖాతాలో రాస్తున్నావు? వ్యాపారం సామాజికమా కాదా అని నేను చూసేది అక్కడ.

మీకు తెలిసిన పేర్లు కొన్ని ఇదే కంటితో చూడండి. లిజ్జత్ అప్పడాలు తింటారు కదా. 1959లో ముంబయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు డాబా మీద మొదలుపెట్టారు, ఎనభై రూపాయలతో. ఆ ఎనభై దానం కాదు, అప్పు. నష్టమొచ్చినా సరే ఎవరి దగ్గరా విరాళం అడగకూడదని మొదట్లోనే అనుకున్నారు. అప్పడం ఒత్తే ప్రతి ఆడమనిషీ అందులో భాగస్థురాలే. లాభమొచ్చినా అందరిదీ, నష్టమొచ్చినా అందరిదీ. మా పిల్లలకి ఈ కథ బూజు పట్టకముందు చెప్తే ఆవులించారు. తర్వాత చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

మదురైలో డాక్టర్ వెంకటస్వామిగారు. ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. ఇచ్చుకోగలిగినవాళ్ళు ఇచ్చేదాంతోనే ఇచ్చుకోలేనివాళ్ళకీ ఆపరేషన్. విదేశీ లెన్సు ఖరీదు మరీ ఎక్కువైతే 1992లో వాళ్ళే లెన్సుల ఫ్యాక్టరీ పెట్టుకున్నారు, ధర దించారు. రిటైరయ్యాక అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ముందు వరసలో కూర్చున్న మా తోటివాళ్ళు వింటారని. సాయంత్రం అరుగు మీద పేకాట నేనూ ఆడతాను, తప్పనను.

ఇంక అంత దూరం ఎందుకు? ఈ ఊళ్ళోనే, రాజావారి స్కూల్లో 1880లో ఒక మాస్టారు చేరారు. గిడుగు రామమూర్తిగారు. వ్యవహార భాష అనగానే ఆయన్ని తలుచుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. ఆయన సవర నేర్చుకున్నారు. పాఠ పుస్తకాలు సవరలో రాశారు. తర్వాత 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని మనం చెప్పుకుంటాం. నూరేళ్ళ కిందట, సవర పిల్లాడికి బడి ఎందుకు ఎక్కడం లేదూ అని చూసి, అడ్డం భాష అని కనిపెట్టిన మనిషి. ముందు వినండి అని నేను పిల్లలకి చెప్పానే, ఆయన ఏళ్ళ తరబడి చేసింది అదే.

కాని ఒక మాట అంటాను, ఏమనుకోకండి. ఆయన తడి ఖర్చంతా తన ఖాతాలోనే రాసుకున్నారు. మహానుభావుడు కాబట్టి మోశారు. 1936లో ఊరు ఒడిశాలో కలవడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి మనిషి ఊరికి ఒకడు పుడతాడని ఆశ పెట్టుకుని బడి నడపలేం కదండీ. పద్నాలుగు మంది పంచుకుని మొయ్యడం ఎలాగో నేర్పాలి. అది నేర్పవచ్చు. లెక్కలాగే నేర్పవచ్చు.

ఇప్పుడు తల్లిదండ్రులతో. మీలో కొంతమంది నన్ను తిట్టుకున్నవాళ్ళే, నాకు తెలుసు. ఒక తండ్రి స్కూలుకే వచ్చేశాడు. కూరగాయల బండి ఆయనది. "నేను అమ్మేది చాలదా మాస్టారూ, వాడూ అమ్మాలా? మీ పిల్లల్ని ఇలాగే అమ్మకానికి పంపారా?" అన్నాడు. నేను పంపలేదు. మా పిల్లలకి ట్యూషన్ పెట్టించాను, ఒకడు భువనేశ్వర్‌లో, ఒకడు విశాఖలో ఉద్యోగం. ఏమని చెప్పను? ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. మనం ఎవరి పిల్లల మీద ఈ ప్రయోగాలు చేస్తున్నాం అన్నది అడగాల్సిన ప్రశ్నే. కాన్వెంటు పిల్లలకి రోబోలు, సర్కారు బడి పిల్లలకి విస్తళ్ళు అయితే ఆ తండ్రిదే న్యాయం. డాక్టరుగారి అబ్బాయి కూడా ఆ పద్నాలుగు మందిలో ఉన్నాడని తర్వాత చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు. పిల్లాణ్ణి మాత్రం మానిపించలేదు.

ఆయన వచ్చాకే మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పిల్లలు కుట్టరు, మొయ్యరు. అడగడం, లెక్క రాయడం, బేరం మాట్లాడటం, అంతవరకే. కుట్టడానికి కూలి పెద్దవాళ్ళకే. చట్టం కూడా ఉంది, 1986ది, 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు, సొంత ఇంటి పనికి బడి అయ్యాక సాయం చెయ్యడం లాంటివి తప్ప. బడి పేరు చెప్పి కార్ఖానా నడపడానికి అందులో దారి లేదు, ఉండకూడదు కూడా. మాస్టార్లూ, ఇది రాసుకోండి.

పాలసీ గురించి కూడా మాట్లాడమన్నారు. క్లుప్తంగా చెప్పేస్తాను. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గరికి, కుమ్మరి దగ్గరికి పంపాలని ఉంది. ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్ళలో 2019లో ఈ ఆంత్రప్రెన్యూర్‌షిప్‌కి పీరియడే పెట్టారు. 2021లో ఇంటర్ ఈడు పిల్లలకి తలా రెండు వేలు పెట్టుబడి కూడా ఇచ్చారు. మంచిదే. కాని పోటీలు, బహుమతులు, స్టేజీ మీద చెక్కులు ఎక్కువైతే పిల్లాడు జడ్జీ మొహం చూసి మాట్లాడటం నేర్చుకుంటాడు, కుట్టే తల్లి మొహం చూడడు. నా భయం అది. మనకి రెండు వేలు ఎవరూ ఇవ్వరు, అది వేరే సంగతి.

ఆ విస్తళ్ళ సంగతి ఇప్పుడేమైందని అడుగుతారు. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధం కదా, ఇంక ఆకుకి తిరుగులేదనుకున్నాను. మన పెళ్ళిళ్ళలో వడ్డన చూశారా? నిషేధం కాగితం మీద ఉంది, పప్పు ప్లాస్టిక్ మీద ఉంది. అయినా ఆ ఊరి తల్లులు ఇప్పుడు ఇద్దరు హోటలువాళ్ళకి నేరుగా ఇస్తున్నారు, పిల్లలు మధ్యలో లేరు. ధర ఎంతంటే నాకు చెప్పరు, నవ్వుతారు. తర్వాతి బ్యాచ్ పిల్లలైతే విస్తళ్ళు మాకొద్దు అనేశారు. నాకు కొంచెం బాధేసింది, కాని వాళ్ళ నెల రోజుల పుస్తకంలో వేరేది తేలింది. తొమ్మిదో తరగతిలో ఆడపిల్లలకి సైకిళ్ళు వస్తాయి. పంక్చరు పడితే షాపు ఊరి చివర, నాన్నకి తీరిక ఉండదు, సైకిలు గోడకి, పిల్ల కాలినడకన. వీళ్ళు స్కూల్లో ఒక గాలి పంపు, సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు పెట్టారు. పంక్చరుకి ఐదు రూపాయలు. హాస్టలు పిల్లలకి ఉచితం, ఆ ఖర్చు మిగతావాళ్ళ ఐదు రూపాయల్లోనే సర్దారు. మదురై లెక్కే, వాళ్ళకి తెలియకుండా వేశారు. ఒకసారి సొల్యూషన్ మూత పెట్టడం మరిచిపోయి ట్యూబంతా ఎండిపోయింది. పుస్తకంలో ఏమని రాశారో చూద్దును కదా, "తడి ఖర్చు" అని! ఎండిపోయిందిరా, తడి ఎక్కడిదిరా అంటే, "నష్టానికి మన స్కూల్లో అదే పేరు సార్" అన్నారు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే టీ దగ్గర అడగండి. ఆ మొదటి ఖాతా పుస్తకం సంచీలో తెచ్చాను, బల్ల మీద పెడతాను, చూడొచ్చు. రథయాత్ర నెల దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా తిప్పండి. ఆ రోజు దాన్ని కూడా ఆ బీరువా వెనకాలే పెట్టారు, రెండు పేజీలు అంటుకుపోయాయి.